చావెరుగని కణములు

మానవ దేహమునుండి జీవకణములను వేరుచేసి, గాజుపాత్రలో పోషకద్రవముతో చిరకాలము పెంచవలెనని శాస్త్రజ్ఞులు ఎన్నియో యేండ్లు శ్రమించిరి. కాని ఆ కణములు కొలది కాలము పెరిగి నశించుచుండెడివి.

1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలకు హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ వచ్చెను. ఆమె ఐదుగురు బిడ్డల తల్లి. గర్భాశయ ముఖమున రాచపుండు పుట్టియుండెను. వైద్యులు దానినుండి చిన్న ముక్కను తీసి జార్జి గే అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు పంపిరి. అందలి కణములు ఇంచుమించు దినమున కొకసారి రెట్టింపగుచు పెరిగెను. ఆ సంవత్సరమే అక్టోబరు 4వ తేదీన, 31 ఏండ్ల వయస్సున ఆమె మరణించెను. ఆమె కణములు మాత్రము ‘హీలా’ అను పేరుతో నేటికిని పెరుగుచున్నవి. పోలియో టీకా పరీక్షకు అవి యెంతయో తోడ్పడెను. అయితే వానిని తీయుటకు ఆమె అనుమతిని ఎవరును కోరలేదు. కుటుంబమువారికి ఇరువదేండ్లకు పైగా ఆ సంగతియే తెలియదు. ఉపకారము ఎంత గొప్పదైనను ఇది న్యాయమనిపించుకొనదు.

ఆ కణములు ఏల చావవు? సామాన్య మానవకణము పాత్రలో సుమారు 50 పర్యాయములు చీలి ఆగిపోవునని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనువారు చూపిరి. దీనికి ముఖ్యకారణము క్రోమోజోముల కొసలయందున్నది. ముక్తేశ్వరము రేవున పడవను కట్టు కొబ్బరిపీచు తాటి కొస విడిపోకుండ ముడివేయుదురు. ముడి ఊడినచో పేటలు విచ్చిపోవును. క్రోమోజోము కొసనుండు టెలోమియర్ అట్టి ముడి వంటిది. కణము చీలినప్పుడెల్ల అది కొంచెము తరుగును. మిక్కిలి తరిగినంతట కణము చీలుట మానును. దేహమున కిది మేలే. అదుపులేని పెరుగుదలకు ఇది యొక అడ్డుకట్ట.

పెక్కు రాచపుండు కణములలో టెలోమరేజ్ అను ఎంజైము మేల్కొని, తరిగిన కొసను మరల పేనుచుండును. అదియొక్కటే చాలదు, విభజనను ఆపు కావలి ప్రోటీనులును పడిపోవలెను. హీలా కణములలో ఆ పని పాపిల్లోమా వైరసు చేసినది.

ఈ చావులేనితనమును వాడుకొనుటలో ఒక తెలుగువాని కృషియు కలిసినది. 1975లో కేంబ్రిడ్జిలో కోహ్లర్, మిల్‌స్టీన్ అనువారు, రోగనిరోధక ప్రతిరక్షకములను తయారుచేయు ఎలుక కణములను, చావెరుగని ఎలుక కేన్సరు కణములతో ఏకము చేసిరి. కాని కలిసినవానిని కలియనివానినుండి ఏరుట యెట్లు? ఎమినోప్టెరిన్ అను మందు జల్లెడ అయ్యెను. కలియని కేన్సరు కణములు ఆ మందుచే చచ్చును. కలియని సామాన్య కణములు తమంతట తామే నశించును. మందు మూసిన దారికి మారుగా వేరొక దారిని సామాన్య కణము అందించుటచే, కలిసినవి మాత్రము బ్రతుకును.

1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ మందు తయారైనది. 1947లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తపు కేన్సరుతో బాధపడు పిల్లలకు ఇచ్చి కొందరికి కొంతకాలము ఉపశమనము కలిగించెను. సుబ్బారావు 1948లోనే మరణించుటచే, కేన్సరును చంపుటకు పుట్టిన తన మందు చావెరుగని కణములను ఏరుటకు వచ్చుట ఆయన చూడలేదు.