ప్రపంచ పటంలో మన పల్నాడు

నేను హాస్టల్లో ఏడో తరగతి చదివే రోజుల్లో మా వాడలో ఒకామె ఇంటిపని కోసం విదేశం వెళ్ళింది. అందరూ "దుబాయ్ పోయింది" అనేవారు. మూడు నెలలు ఫోను రాలేదు. దసరా సెలవులకు ఇంటికెళితే ఆమె తల్లి వచ్చి, "నాయనా, చదువుకుంటున్నావుగా, ఆ దుబాయ్ ఎటుపక్కో చెప్పు" అంది. నేను చెప్పలేకపోయాను. చివరికి తెలిసింది, ఆ మనిషి ఉన్నది మస్కట్‌లో అని!

దుబాయ్ దేశం కాదు, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఒక నగరం. మస్కట్ ఒమన్ రాజధాని, దోహా ఖతార్ రాజధాని. ఒక్కో దేశానికి ఒక్కో చట్టం. మన రాయబార కార్యాలయాలూ వేర్వేరు. ఒమన్‌లో చిక్కుకున్న మనిషి కోసం దుబాయ్‌లో వెతికితే ఏం లాభం? ప్రపంచ భూగోళం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని నాకు ఆనాడే అర్థమైంది.

మరి మనవాళ్ళకు ప్రపంచం తెలియదా? అలా అనుకోవడం పొరపాటు. బడి ముఖం చూడని మిరప రైతును అడగండి. చైనా వాళ్ళు కొంటే గుంటూరు మిర్చి యార్డులో ధర ఎలా ఉంటుందో, కొనకపోతే ఎలా ఉంటుందో చెబుతాడు. శ్రీలంక, బంగ్లాదేశ్ పేర్లూ ఆయనకు తెలుసు. పేరు తెలుసు, అవసరం తెలుసు. పటంలో చోటు మాత్రం తెలియదు.

ఆ మిరప కూడా పరాయి దేశం నుండి వచ్చిందే. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి ఓడల్లో మన దేశం చేరింది. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన నాటికి ఇక్కడి వంటల్లో మిరపకాయే లేదు, కారానికి మిరియాలే దిక్కు!

ఇంకా వెనక్కి వెళదాం. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలన 14వ ఏట, మాచర్ల దాపున ఉన్న నాగార్జునకొండ లోయలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. అందులో కాశ్మీరం, గాంధారం, చీనా, యవన, వంగ, తామ్రపర్ణి (నేటి శ్రీలంక) వంటి దేశాల పేర్లున్నాయి. ఆమె రాణి కాదు, గృహస్థ కుటుంబపు స్త్రీ. ఆ లోయలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. ఈ స్థలం సంగతి 1926లో ప్రభుత్వానికి తెలియజేసింది ఒక బడిపంతులు, సూరపరాజు వెంకటరామయ్య గారు.

అంటే ప్రపంచం మనకు కొత్త కాదు. విన్న పేరును పటంతో కలిపి చూడటమే మనం చేయవలసిన పని. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! పేపర్లో ఏ దేశం పేరు కనబడినా స్టడీ అవర్‌లో అట్లాసు తీసి వెతకండి. అది ఏ ఖండం, రాజధాని ఏది, మనకూ దానికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ మూడూ నోటుబుక్కులో రాసుకోండి. సెలవుల్లో ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. ఊరి నుండి ఎవరైనా విదేశం వెళుతుంటే పాస్‌పోర్టు, వీసాల జిరాక్సు, ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం ఫోను నంబరు ఇంట్లో ఉంచుకోమనండి.

ఆనాడు ఆ తల్లికి నేను చెప్పలేని జవాబు, రేపు మీ ఊళ్ళో ఎవరడిగినా మీరు చెప్పగలగాలి.