గిటారు మెడ - బొటనవ్రేలి కొలత

వీణకు దండి ఎట్టిదో గిటారుకు మెడ అట్టిది. తీగలు దానిపై సాగును. మెట్లు దానిపై నిలుచును. వాయించువాని ఎడమచేయి గంటల తరబడి దానినే పట్టుకొని యుండును. సభలో కూర్చున్నవారికి కనబడునది గిటారు దేహము, దాని రంగు, దాని మెరుపు. వాయించువానికి తెలిసినది మాత్రము మెడయే. ఆ మెడ వెనుక, ఎవరి కంటను పడని ఆ వంపు ఒక్క నూలువాసి హెచ్చినను తగ్గినను చేతికి తెలిసిపోవును. అందుచేతనే ఎలక్ట్రిక్ గిటారు మెడను తమ చేతికి సరిపడునట్లు చెక్కించుకొనువారును, స్వయముగా చెక్కుకొనువారును ఎందరో కలరు. పైకి ఇది వడ్రంగిపని. లోతునకు పోయినచో భౌతికశాస్త్రమును, శరీరశాస్త్రమును ఇందు కొంత కొంత తగులును. తొందరపడినచో మంచి వాద్యము పాడగుటయు కలదు.

కథ అమెరికాలో మొదలగును. కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఫుల్లర్టన్ పట్టణములో రేడియోలు బాగుచేయు లియో ఫెండర్ అను నాయన 1950 ప్రాంతమున బోలు దేహము లేని, గట్టి పలకవంటి ఎలక్ట్రిక్ గిటారును అమ్మకమునకు తెచ్చెను. అది కొలదికాలములోనే టెలికాస్టర్ అను పేరు పొందెను. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చెను. విశేషమేమనగా, ఫెండర్‌కు గిటారు వాయించుట రాదు! బహుశః అందువలననే కాబోలు, ఆయన సంప్రదాయమునకు జంకలేదు. మెడను దేహమునకు జిగురుతో అతికించు పాతపద్ధతి విడిచి నాలుగు మరలతో బిగించెను. మెడ చెడెనా, మరలు విప్పి మరొకటి బిగించుకొనవచ్చును.

ఆ తొలి మెడలు ఒకే మేపుల్ కర్రతో చేసినవి. యంత్రములు కోసినను, తుదిరూపు పనివాని చేతిమీదనే వచ్చెడిది. కనుక ఆ దశాబ్దపు మెడలు ఒకదానివలె మరొకటి ఉండవు. మొదటి ఏండ్లవి లావు. 1955-57 నాటివి పడవ అడుగువలె కోసుగా, ఆంగ్లాక్షరము 'వి' ఆకారమున ఉండును. 1960 చేరునప్పటికి అవి సన్నబడెను. తాదెయో గోమెజ్ అను పనివాడు తాను తీర్చిన మెడ మొదట తన పేరులోని పొడి అక్షరములు రెండు వ్రాసెడివాడు. పాత గిటారులు సేకరించువారు నేడు ఆ రెండక్షరముల కొరకు మెడలు విప్పి చూచుచుందురు. పోటీదారైన గిబ్సన్ కంపెనీ కథయు ఇట్టిదే. వారి లెస్ పాల్ గిటారు మెడ 1958లో మొదటి మెట్టువద్ద సుమారు 23 మిల్లీమీటర్ల మందము ఉండెడిది. 1960లో అది సుమారు 20కి దిగెను. ఈ మూడు మిల్లీమీటర్ల తేడాపై వాయించువారు నేటికిని వాదులాడుకొనుచునే యున్నారు.

సన్నని మెడయే సుఖమని సామాన్యముగా అనుకొందురు. అంగళ్లలో అమ్మువారును ఆ మాటనే చెప్పుదురు. ఇది సగము నిజము మాత్రమే. బొటనవ్రేలిని మెడ వెనుక నడుమ ఆనించి, మణికట్టును ముందుకు వంచి వాయించువారు కొందరు. వీరికి వెనుకభాగము చదునుగా, సన్నగా ఉన్నచో వ్రేళ్లు దూరపు మెట్లకు సులభముగా అందును. మెడను అరచేత ఇముడ్చుకొని, బొటనవ్రేలిని పైఅంచుమీదుగా వ్రేలాడవేయువారు మరికొందరు. వీరికి కోసు మెడ హాయి; ఆ కోసు అరచేతి మడతలో కుదురుకొనును. మరియొక సంగతి కలదు. మెడ మరీ సన్ననైనప్పుడు బొటనవ్రేలికిని తక్కిన వ్రేళ్లకును నడుమ ఎడము తగ్గును. పలుచని పుస్తకమును రెండు వ్రేళ్లతో గట్టిగా నొక్కిపట్టి కొంతసేపు ఉండి చూడుడు; బొటనవ్రేలి మొదటనున్న కండ లాగుట తెలియును. కొంచెము లావైన మెడ అరచేతికి ఆనుకొని ఆ భారమును పంచుకొనును. చేయి నొప్పియని మెడ చెక్కించి, నొప్పి హెచ్చినదని వాపోవువారు లేకపోలేదు. చెక్కుటకు ముందు వేరు వేరు మెడలు పట్టి చూచుటకంటె మేలైన పరీక్ష లేదు.

ఇక శాస్త్రము మాట. సామాన్యముగా వాడు పలుచని తీగలు ఆరును శ్రుతి చేసినప్పుడు మెడను సుమారు 45 కిలోల బలముతో లాగుచుండును. ఈ లాగుడునకు మెడ విల్లువలె వంగును. దానిని ఎదుర్కొనునది కర్ర బిగువు. ఒక కడ్డీ వంగకుండ నిలుచు శక్తి దాని మందము యొక్క ఘనమును అనుసరించునని విద్యార్థులు చదివియుందురు. 22 మిల్లీమీటర్ల మెడను 20కి దింపితిమనుకొందము. 22 ఘనము 10648. 20 ఘనము 8000. పోయిన మందము పదవవంతునకు లోపే. పోయిన బిగువు మాత్రము దాదాపు నాలుగవ వంతు! లోపలి ఇనుమును లెక్కింపలేదు గనుక ఇది ఉజ్జాయింపే. అయినను రెండు మిల్లీమీటర్లే గదాయని తేలికగా తీసికొనరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఆ ఇనుము సంగతియు చెప్పవలెను. గిబ్సన్ కంపెనీ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూ మెడలోపల ఉక్కుకడ్డీ ఒకటి అమర్చి, దాని మరను బిగించి వంపు సరిచేయు ఉపాయము కనిపెట్టెను. దానికి 1923లో పేటెంటు లభించెను. ట్రస్ రాడ్ అని దాని పేరు. పాత ఫెండర్ పద్ధతి మెడలలో ఈ కడ్డీని వెనుకనుండి తొలిచిన గాడిలో పెట్టి, పైన వాల్‌నట్ బద్దతో మూసిరి. మెడ వెనుక నిలువునా కనబడు నల్లచార అదే. కడ్డీ నిటారుగా ఉండదు. కొనలయందు తీగలవైపునకు, నడుమ వెనుకవైపునకు వంగియుండును. అనగా, చేయి హెచ్చుగా తిరుగు నడిమి భాగముననే కడ్డీపై కర్ర పలుచన. అక్కడ ఎడాపెడా ఆకురాయి ఆడించినచో ఇనుము బయటపడును. ఆ మెడ మరి పనికిరాదు.

నేర్చినవారు చేయు తీరు చూడదగినది. ముందుగా వెర్నియర్ కాలిపర్సుతో మొదటి మెట్టువద్ద, పండ్రెండవ మెట్టువద్ద మందము కొలిచి వ్రాసికొందురు. తమకు నచ్చిన మెడ వంపును దళసరి అట్టపై కత్తిరించి అచ్చు చేసికొందురు. తీగలు తీసి, వ్రేళ్లు ఆను పలక అంచులకు కాగితపు పట్టీ అంటించి, మెడ వెనుక నడిమిగీత గీయుదురు. గుండ్రని కర్ర చేయు వడ్రంగి చదరమును ఎనిమిది పలకలు చేసి, పిమ్మట మూలలు తీసినట్లే, వీరును మొదట చిన్న చిన్న చదును పలకలుగా చెక్కి, తరువాత వానిని కలుపుదురు. మాటిమాటికి అట్ట అచ్చు ఆనించి వెలుతురునకు ఎత్తి చూచుదురు. ఆపైన 80వ నంబరు గరుకు కాగితముతో మొదలిడి 120, 220, 320 వరకు పోవుదురు. మధ్యలో తీగలు మరల బిగించి వాయించి చూచుటయు కలదు. కర్రను తీయవచ్చును గాని తిరిగి అతికింపలేము గదా! చివరకు నూనెయో మైనమో పట్టింతురు. పచ్చికర్రగా వదలిన మేపుల్ చెమట పీల్చి నల్లబడును.

చెప్పవలసిన మాట మరొకటి కలదు. చాలమందికి చెక్కుడే అక్కరలేదు. ఉక్కపోతలో మెరుగుపూత చేతికి జిగటగా పట్టుటయే వారి బాధ. వెనుకనున్న ఆ నిగనిగను సన్నని గరుకు కాగితముతో చంపినచో చేయి జారును. పలక అంచులను కొంచెము గుండ్రము చేసినచో సగము సుఖము చేకూరును. ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్లేయ వాద్యకారుడు 1970లో నాష్‌విల్‌లో కొన్న పాత స్ట్రాటోకాస్టర్లనుండి మంచి భాగములేరి కూర్చుకొన్న నల్ల గిటారుకు అట్టి అరుగుదల వాయింపువలననే వచ్చెను. 2004లో వేలమున దానికి 9,59,500 డాలర్లు పలికెను.

వెనుక గాక ముందువైపు చెక్కుటయు కలదు. మెట్టుకును మెట్టుకును నడుమ కర్రను దోనెవలె తొలుచుదురు. అప్పుడు వ్రేలికి కర్ర తగులదు. తీగ మాత్రమే తగులును. ఇది మన వీణకు చుట్టరికము గల ఊహ. వీణలో మైనముపై నిలిపిన 24 ఇత్తడి మెట్లు దండికి ఎత్తున ఉండుటచేతనే గమకము సాధ్యమగుచున్నది. 'శక్తి' బృందములో మన సంగీతకారులతో వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారుకు ఇట్టి తొలుపు ఉండెను. ఆ బృందపు మలి రూపములో ఆయన ప్రక్కన కూర్చున్నవాడు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. నాలుగు తీగల జంటలు గల మాండొలిన్‌ను విడిచి, ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై ఆయన కర్ణాటక సంగీతమును పలికించెను. 2014లో ఆయన కన్నుమూసెను.

వీణకు మైనము కరిగించి మెట్లు మరల కూర్చుకొనవచ్చును. గిటారు మెడకు ఆ వెసులుబాటు లేదు. పాత మెడ చెక్కినచో దాని వెల పడిపోవును. చెక్కనిచో వాయించువాని చేయి పడిపోవును. ఈ చిక్కునకు ఫెండర్ నాలుగు మరలే దారి చూపినవి. తెలిసినవారు పాత మెడను విప్పి, గుడ్డ చుట్టి, పెట్టెలో భద్రపరచి, చౌకలో మరొక మెడ తెచ్చి దానిపై ఆకురాయి పట్టుదురు.