ఒక్క రాత్రి జైలు, తెగని పంచాయితీ

గాంధీ, మార్టిన్ లూథర్ కింగ్ చదివి మెచ్చిన అమెరికన్ వ్యాసకర్త థోరో సొంత దేశంలో మాత్రం ఇప్పటికీ బోనులోనే ఉన్నారు

1853 అక్టోబర్‌లో అమెరికాలోని కాంకర్డ్ అనే చిన్న ఊళ్లో హెన్రీ డేవిడ్ థోరో ఇంటికి బండెడు పుస్తకాలు వచ్చాయి. అన్నీ ఆయన రాసినవే. నాలుగేళ్ల కిందట అచ్చయిన తొలి పుస్తకం వెయ్యి ప్రతుల్లో 706 మిగిలిపోవడంతో ప్రచురణకర్త తిప్పిపంపాడు. తన దగ్గర దాదాపు 900 పుస్తకాలున్నాయని, అందులో 700కు పైగా తాను రాసినవేనని థోరో డైరీలో తనమీద తానే జోకు వేసుకున్నారు. 1854లో వచ్చిన 'వాల్డెన్' కాస్త నయం. రెండు వేల ప్రతులు చెల్లడానికి సుమారు అయిదేళ్లు పట్టింది.

44 ఏళ్లకే 1862లో క్షయతో పోయిన ఈ మనిషి పేరు తర్వాతి శతాబ్దంలో మూడు ఖండాల ఉద్యమాల్లో వినిపించింది. దానికి మూలం ఒక్క రాత్రి జైలు. బానిసత్వాన్ని కాపాడుతూ మెక్సికోపై యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి తలపన్ను కట్టనన్నందుకు 1846 జూలైలో ఆయన్ను లోపల వేశారు. ఎవరో బాకీ కట్టేయడంతో మర్నాడే వదిలేశారు. అలా బయటపడటం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. ఆ అనుభవం నుంచి పుట్టిన వ్యాసం 1849లో వెలువడినప్పుడు పట్టించుకున్నవారు తక్కువ.

చనిపోయాక వచ్చిన సమీక్షలు మరీ ఘోరం. గురువు, మిత్రుడు ఎమర్సన్ సైతం సంస్మరణ వ్యాసంలో పొగడ్తల మధ్యనే, దేశాన్ని నడపాల్సినవాడు పిల్లలతో కలిసి అడవిపళ్లు ఏరుకునే బృందానికి నాయకుడిగా మిగిలాడని వాపోయారు. 1865లో జేమ్స్ రసెల్ లోవెల్ ఆయన్ను ఎమర్సన్‌కు నకలుగా తేల్చేశారు. నాగరికతను కాదన్నవాడి గుడిసెకు గొడ్డలి, మేకులు ఇచ్చింది ఆ నాగరికతే కదా అని నిలదీశారు. 1880లో స్టీవెన్‌సన్ బాధ్యతల నుంచి తప్పించుకు తిరిగే మనిషన్నారు. రెండేళ్ల తర్వాత ఆ మాట కొంత సవరించుకున్నారు.

థోరోను నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఇంగ్లండ్‌కు చెందిన శాకాహార ప్రచారకుడు హెన్రీ సాల్ట్. 1890లో ఆయన థోరో జీవితచరిత్ర రాశారు. లండన్‌లో చదువుకునే రోజుల్లో గాంధీని శాకాహారం వైపు దృఢంగా నిలిపిన చిన్న పుస్తకం కూడా సాల్ట్ రాసిందే. అయితే థోరో వ్యాసం గాంధీ చేతికొచ్చింది చాలా తర్వాత, దక్షిణాఫ్రికాలో. 1907లో 'ఇండియన్ ఒపీనియన్'లో అందులోని భాగాలను ఆయన పాఠకులకు అందించారు.

అసలు పేచీ ఇక్కడే. సత్యాగ్రహం థోరో దగ్గర తెచ్చుకున్న అప్పా? ఈ ప్రశ్నకు గాంధీ సూటిగా జవాబిచ్చింది 1935 సెప్టెంబర్ 10న, సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీకి చెందిన తెలుగువాడు పి. కోదండరావుకు రాసిన లేఖలో. ఆ వ్యాసం చదివేనాటికే దక్షిణాఫ్రికా పోరాటం చాలా ముందుకెళ్లిందని, తన ఆలోచన అక్కడి నుంచి వచ్చిందనడం తప్పని స్పష్టం చేశారు. జోహానెస్‌బర్గ్‌లో భారతీయులు ప్రతిజ్ఞ చేసింది 1906 సెప్టెంబర్ 11న. తేదీలు గాంధీ మాటనే బలపరుస్తున్నాయి. ఇంగ్లిష్ పాఠకులకు నచ్చజెప్పడానికి థోరో వ్యాసం పేరు పనికొచ్చిందని, చివరికి అదీ చాల్లేదనిపించిందని కూడా ఆ లేఖలో ఉంది. 1942లో అమెరికన్ మిత్రులను ఉద్దేశించి రాసినప్పుడు మాత్రం థోరోను మీరిచ్చిన గురువు అన్నారు. ఎదుటివారిని బట్టి మర్యాద హెచ్చి ఉండొచ్చు. అబద్ధమైతే కాదు. అప్పటికే నడుస్తున్న పనికి వ్యాసం శాస్త్రీయమైన ధ్రువీకరణ ఇచ్చిందనే ఆయన అన్నది.

మరో తిరకాసు. 1849లో వ్యాసం శీర్షిక పౌర ప్రభుత్వానికి ప్రతిఘటన అనే అర్థంలో ఉంది. 'సివిల్ డిసొబీడియెన్స్' అన్న పేరుతో వెలువడింది 1866లో, రచయిత పోయిన నాలుగేళ్లకు. మార్చిందెవరన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. తెలుగులో స్థిరపడిన 'శాసనోల్లంఘనం'లోనైతే ఆ 'సివిల్' జాడే లేదు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. వాల్డెన్ కొలను ఒడ్డున థోరో భగవద్గీత చదివారు. 1855లో ఓ ఇంగ్లిష్ మిత్రుడు పంపిన 44 సంపుటాల భారతీయ గ్రంథాలను నిధిలా చూసుకున్నారు. అంతకు ముందు 1846-47 చలికాలంలో కూలీలు ఆ కొలనులో మంచుగడ్డలు కోస్తుంటే, ఆ నీళ్లు మద్రాసు, బొంబాయి, కలకత్తా చేరతాయని ఊహించుకుని మురిసిపోయారు. అమెరికా మంచును నిల్వచేసిన మద్రాసు ఐస్ హౌస్ తర్వాత వివేకానందుడి బసగా ప్రసిద్ధికెక్కింది. వాల్డెన్ మంచు కుప్ప మాత్రం చాలావరకు ఒడ్డునే కరిగి కొలనులోకే జారిపోయిందని రాసింది కూడా థోరోయే.

1944లో మోర్‌హౌస్ కాలేజీలో విద్యార్థిగా ఉండగా కింగ్ ఈ వ్యాసం చదివారు. అంతకు మూడేళ్ల ముందే విమర్శకుడు మాథీసన్ థోరోను అమెరికన్ సాహిత్యంలో అయిదుగురు మహామహుల సరసన కూర్చోబెట్టారు. అక్కడితో కథ సుఖాంతం కాలేదు. 1970లో హన్నా అరెంట్ అసలు కీలకం మీదే దెబ్బకొట్టారు. థోరోది తన అంతరాత్మను శుభ్రంగా ఉంచుకోవాలనే వ్యక్తి గొడవ. నలుగురూ కలిసి చేసే రాజకీయ చర్య వేరని ఆమె వాదన. గాంధీ, కింగ్ వ్యాసానికి జోడించింది సరిగ్గా ఆ నలుగురినే. పైగా 1859లో బానిసత్వంపై ఆయుధం పట్టిన జాన్ బ్రౌన్‌ను వెనకేసుకొచ్చిన థోరోను అహింసావాదిగా పటం కట్టడం ఎలాగూ కుదరదు.

ఇటీవలి నింద ఇంటి పనిది. ఏకాంతం గురించి అన్ని పేజీలు రాసిన మనిషి బట్టలు ఉతికింది తల్లి అని ఎద్దేవా. 2015లో క్యాథరిన్ షుల్జ్ 'న్యూయార్కర్'లో ఆయన్ను స్వార్థపరుడిగా, కపటిగా చీల్చి చెండాడారు. 2017లో ద్విశతజయంతికి లారా డాసో వాల్స్ రాసిన జీవితచరిత్ర వేరే మనిషిని చూపింది: బానిసత్వ వ్యతిరేకుల కుటుంబంలో పుట్టి, పారిపోయి వచ్చినవారికి సాయపడ్డ ఊరి సర్వేయర్.

ఆ సర్వేయర్ అలవాటే ఆయనకు అనుకోని పాఠకులను తెచ్చింది. 1850లలో కాంకర్డ్‌లో ఏ మొక్క ఎప్పుడు పూసిందో థోరో ఏటా పట్టికలు వేశారు. బోస్టన్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ ప్రిమాక్ బృందం వాటిని బయటకు తీసి, అవే మొక్కలను మళ్లీ పరిశీలించింది. పూలు సగటున వారం రోజులు ముందే విచ్చుకుంటున్నట్టు 2008లో ప్రకటించింది. కొన్ని జాతులు అసలు కనిపించనే లేదు.