కంసాలి పిట్ట

మాఘము దాటి ఎండలు ముదిరినకొలది, కొండాపురము, జమ్మలమడుగు ప్రాంతములయందు తక్కిన పక్షులు నీడల నాశ్రయించి నోరు మెదపని మిట్టమధ్యాహ్నవేళ గూడ, ఊరిబయటి రావిచెట్టు చిటారుకొమ్మనుండి రాగిరేకుపై సుత్తి పడినట్లు ‘టుక్, టుక్, టుక్’ మని యెడతెగక వినవచ్చు ధ్వని కంసాలి పిట్టది. కడపజిల్లా యనగానే 1986లో సిద్ధవటము చెంత మరల కానవచ్చిన కలివికోడి పక్షిప్రియులకు స్ఫురించును. ఆ కీర్తి దానికి తగినదే. కాని దినదినము చెవిని బడుచు కంటికి చిక్కని యీ చిన్నపక్షి నెఱుగకుండుట మనకు పెద్దలోటని నా యభిప్రాయము.

పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. ఆకుపచ్చని వీపు, నుదుటను ఱొమ్మునను కుంకుమరంగు, కంఠమునను కన్నులచుట్టును పసుపు, ముక్కు మొదట బిరుసు మీసములు. కూయునపుడు ముక్కు తెఱవదు. కంఠమున కిరువైపుల చర్మము ఒక్కొక్క కూతకు ఉబ్బి తగ్గును, తలయు ఊగును. నిమిషమునకు నూటికి పైబడి కూతలు!

దీని జ్ఞాతులలో పెక్కు ఉష్ణమండలపు కొండయడవులనే నమ్మి బ్రదుకుచున్నవి. కొలంబియా, ఈక్వెడార్ దేశములలో ఆండీస్ పర్వతముల పడమటివాలున నుండు టూకాన్ బార్బెట్ అట్టిదే. మన పిట్ట మాత్రము ఫిలిప్పీన్స్ వఱకు వ్యాపించి, మెట్టసీమలకును ఓర్చుకొన్నది.

ఈ యోర్పునకు మూలము మఱ్ఱి, రావి, మేడి, జువ్వి చెట్లు. దినమునకు తన బరువునకు ఒకటిన్నర రెట్లకు తక్కువకాకుండ పండ్లు తిను ప్రాణికి ఋతువుతో ముగిసిపోవు పంట చాలదు. మఱ్ఱిజాతి చెట్ల కాయలలోపల దాగిన పువ్వులకు పరాగము చేర్చు సూక్ష్మమైన కందిరీగ స్వల్పాయువు గనుక, దాని వంశము నిలుచుటకు ఏదో యొక చెట్టు ఎల్లప్పుడును కాయుచు నుండవలెను. ఆ యేర్పాటు పురుగుకొఱకైనను, వేఱు పండ్లు దొరకని నెలలలో పిట్ట యాకలి దానివలననే తీరుచున్నది. మ్రింగిన గింజలు రెట్టతో తాటిమట్టల సందులను, పాతగోడల పగుళ్ళను పడి మొలచును. ఎవ్వరును నాటని మఱ్ఱిచెట్లు పెక్కు ఇట్లు పుట్టినవే. గండికోట జలాశయమునకై ఊళ్ళు వదలివచ్చినవారి క్రొత్తకాలనీలలోనైనను ఈ చెట్లను నాటవలెనని నా మనవి.

గూడు చూచినవా రరుదు. ఎండిన మెత్తని కొమ్మ అడుగుభాగమున, వాన చొరకుండునట్లు, ఆలుమగలు రెండును ముక్కుతో గుండ్రని తొఱ్ఱ తొలుచును. గ్రుడ్లను వంతులవారీగా పొదుగును. వంటచెఱకునకై ఎండుకొమ్మ నఱకబోవువారు ఒక్కమాఱు దాని క్రిందివైపు చూడవలెను; పిల్లలు ఎగిరిపోయిన తరువాతను ఆ పక్షులు రాత్రులు నిద్రించుట అట్టి తొఱ్ఱలలోనే.