నూనె దీపం కాని నూనె దీపం

తెలుగు బోధించుకొనే మాకు ఇంజన్లతో పనేమిటని విద్యార్థులు నవ్వవచ్చును. కొన్నేళ్ళ క్రిందట విజయనగరం నుండి నాతవలస మీదుగా శ్రీకాకుళం పోతూండగా, మేమెక్కిన పాత అంబాసిడరు రణస్థలం దాటి పెద్ద చప్పుడుతో నిలిచిపోయింది. ఆయిలు కారిపోయి ఇంజను పట్టేసింది. బండి అప్పు ఇంకా తీరని ఆ డ్రైవరు రోడ్డు ప్రక్కన కూలబడి, "దీపం ఎలగనేదు మేస్టారూ!" అన్నాడు. ఎందుకు వెలగలేదో తరువాత మెకానిక్కు చూపించాడు. అంతకు కొన్ని నెలల ముందు, దీపం ఆరకుండా విసిగిస్తున్నదని అతడే దాని తీగ ఊడదీసి, కొనకు టేపు చుట్టాడు!

డాష్‌బోర్డు మీది ఆ ఎర్రదీపం పనిచేసే తీరు సులభమే. బ్యాటరీ నుండి విద్యుత్తు తాళం, ఫ్యూజు, బల్బు దాటి, ఒకే తీగ వెంట ఇంజనుకు బిగించిన స్విచ్చికి చేరుతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు స్విచ్చి కలిసి ఉంటుంది. విద్యుత్తు ఇంజను లోహంలోనికి పోయి దీపం వెలుగుతుంది. మెకానిక్కులు ఈ లోహాన్నే 'ఎర్త్' అంటారు. (మా వంటి భాషాపండితులు దీనిని 'భూమి' అని అనువదించి నేలలో వెదకరాదు.) ఇంజను తిరిగి ఆయిలు పంపు ఒత్తిడి పుట్టించగానే స్విచ్చిలోని పలుచని పొర వంగుతుంది, కలయిక విడిపోతుంది, దీపం ఆరుతుంది.

కనుక ఇంజను నడపక ముందు, తాళం త్రిప్పగానే దీపం వెలిగి తీరవలెను. వెలగకపోతే స్విచ్చి దగ్గర తీగ ఊడదీసి, దాని కొనను శుభ్రమైన ఇంజను లోహానికి తాకించాలి. అప్పుడు వెలిగితే లోపం స్విచ్చిది. అప్పటికీ వెలగకపోతే బల్బు, ఫ్యూజు, తీగ చూడాలి. మన సముద్రపు గాలికి తీగ కొనలు చిలుము పట్టడం కూడా సామాన్యమే.

బండి నడుస్తూండగా దీపం వెలిగితే మాత్రం మొదట ఇంజను ఆపాలి, తరువాతనే ఆలోచన. డిప్‌స్టిక్కు తీసి ఆయిలు మట్టం చూడాలి. అది సరిగా ఉంటే, ఇంజను నడపకుండా తాళం మాత్రం త్రిప్పి, స్విచ్చి తీగ ఊడదీయాలి. దీపం ఇంకా వెలుగుతూంటే ఆ తీగ ఎక్కడో ఒరిసి బాడీకి తగులుతున్నదన్నమాట. ఆరిపోతే తీగ మంచిదే. స్విచ్చి చెడినదో, ఒత్తిడే నిజంగా పడిపోయినదో తేలవలసి ఉన్నది. స్విచ్చి స్థానంలో ముల్లు గల ప్రెషరు మీటరు బిగించి కొలిస్తే తప్ప అది తేలదు. పైగా ఇటువంటి స్విచ్చి చాలా బండ్లలో చదరపు అంగుళానికి అయిదారు పౌండ్ల ఒత్తిడికే విడిపోతుంది. నడిచే ఇంజనుకు కావలసినది దానికి ఎన్నో రెట్లు.

మా డ్రైవరు తీగ తీసిననాడు దీపం ఆరింది. అంటే సగం పరీక్ష అతడు తెలియకుండానే చేశాడు. మిగిలిన సగానికి ముందే టేపు చుట్టాడు.