నల్గొండ మట్టిలో రోమన్ వెండి

మిరియాలకు, సన్నని వస్త్రాలకు, రత్నాలకు ఆశపడి రోమ్ సామ్రాజ్యం ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల సొమ్మును భారతదేశానికి ధారపోస్తోందని క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దీనారానికి సమానం. అంటే కోటీ పాతిక లక్షల దీనారాలన్నమాట! ఆ అంకె అతిశయోక్తి కావచ్చు గాని, రోమన్ వెండి తెలుగుదేశం దాకా వచ్చిన మాట మాత్రం వాస్తవం.

నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిక్షేపంలో 1,531 రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో లభించిన రోమన్ నాణేలపై పరమేశ్వరీలాల్ గుప్త రచించిన గ్రంథం 1965లో వెలువడింది. అక్కన్‌పల్లి నాణేలలో అత్యధికం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. టైబీరియస్ ముద్రించిన ప్రసిద్ధ దీనారంపై ఒక వైపు చక్రవర్తి శిరస్సు, రెండో వైపు ఆసీనురాలైన స్త్రీమూర్తి కనిపిస్తాయి. ఆమె ఆయన తల్లి లివియా అని పలువురి ఊహ.

ఈ ఇద్దరి నాణేలకే ఇక్కడ అంత గిరాకీ ఎందుకు? క్రీ.శ. 64 ప్రాంతంలో నీరో చక్రవర్తి దీనారం బరువును, అందులోని వెండి పాలును తగ్గించాడు. మన వర్తకులు ముద్రను కాక లోహాన్ని చూసి సరుకు ఇచ్చేవారు గనుక పాత నాణేన్నే కోరుకున్నారని పరిశోధకుల అభిప్రాయం. సింహళ రాజు ఒకరు వేర్వేరు చక్రవర్తుల దీనారాలు సమానంగా తూగడం చూసి రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడని ప్లినీయే రాశాడు. నీరో తరువాత ఆ మెప్పు దక్కడం కష్టమే.

దక్కనులో శాతవాహనుల నిత్యవ్యవహారం ప్రధానంగా సీసం, పోటిన్ నాణేలతో సాగేది. విదేశీ వెండి కుండల్లోకి చేరి భూమిలో దాగింది. ఆ నాణెం పేరు మాత్రం బయటే తిరిగింది. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాలలో ‘దీనారి మాషకాలు’ ఉన్నాయి. శ్రీనాథుని కనకాభిషేకం నాటికి దీనారం బంగారు టంకమైంది.

ఒక్కో దీనారం బరువు నాలుగు గ్రాముల లోపే. అక్కన్‌పల్లి నాణేలన్నీ కంసాలి కొలిమికి చేరి ఉంటే మిగిలేది సుమారు ఆరు కిలోల వెండి ముద్ద. అందుకే 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పదిరూపాయల విలువ మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. 1972 నాటి పురావస్తు చట్టం నూరేళ్లు దాటిన నాణేలకూ వర్తిస్తుంది. ఢిల్లీ మయూర్ విహార్‌లో ఎవరి బీరువాలోనో ఉన్న దీనారాన్ని సైతం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు.