మొదటిసారి ఓడెక్కే వారికి: సోమశిల రేవు నుంచి విశాఖ టెర్మినల్ దాకా

పాలమూరు సీమలోని అమరచింత, ఆత్మకూరు, గద్వాల ప్రాంతాల వారికి నీటి మీది ప్రయాణం కొత్తది కాదు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున నీరు చొరకుండా తారు పూసిన పుట్టిలో కూర్చుని కృష్ణను దాటడం ఇక్కడ తరతరాలుగా ఉన్నదే. పంచదేవపహాడ్ వైపు నుంచి నది నడుమ లంకలోని కురవపురానికి, అంటే శ్రీపాద శ్రీవల్లభ క్షేత్రానికి, భక్తులు అలాగే వెళ్లివచ్చేవారు. అయితే ఇప్పుడు క్రూయిజ్ పేరిట జనం డబ్బు కూడబెట్టుకుని వెళ్తున్న విలాస నౌకాయాత్ర స్వభావం వేరు. పుట్టి అవతలి ఒడ్డుకు చేర్చడానికి ఉన్నది. క్రూయిజ్ ఓడలో అవతలి ఒడ్డు నెపం మాత్రమే, గది, భోజనం, ఈతకొలను, నాటకశాల, దుకాణం అన్నీ ఓడలోనే ఉండి ఆ ఓడలో గడిపే కాలమే యాత్ర అవుతుంది. తొలిసారి వెళ్లేవారు సాధారణంగా సముద్రానికి భయపడతారు గాని, వారికి నిజంగా చిక్కు వచ్చేది ఎక్కేచోట కాగితాల దగ్గర, దిగేచోట బిల్లు దగ్గర.

సముద్రం దాకా పోకముందే ఒక చిన్న అభ్యాసం ఇంటి దగ్గరే దొరుకుతుంది. జూరాల ఆనకట్ట గేట్ల నుంచి వదిలిన కృష్ణ నీరు బీచుపల్లి మీదుగా సాగి, తుంగభద్రను కలుపుకుని శ్రీశైలం జలాశయంలో నిలుస్తుంది. ఆ జలాశయపు ఒడ్డున, నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్‌కు దగ్గరలో ఉన్న సోమశిల నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీ నడుపుతుంది. జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులు. నీరు తగినంత లేని నెలల్లో లాంచీ కదలదు కనుక, వానాకాలపు వరద తగ్గి జలాశయం నిండుగా ఉన్న రోజులే ఈ ప్రయాణానికి అనువైనవి. అవతలి ఒడ్డు సంగమేశ్వరాలయం ఏడాదిలో ఎక్కువ కాలం నీట మునిగి వేసవిలోనే బయటపడుతుంది కాబట్టి, లాంచీ బాగా నడిచే రోజుల్లో గుడి కనబడదు, గుడి కనబడే రోజుల్లో లాంచీ నడిచేది అనుమానం. రెండూ ఒకే ప్రయాణంలో కావాలనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. రెండు పక్కలా నల్లమల కొండలు, శ్రీశైలానికి ఎగువన అక్కమహాదేవి గుహలు, గంటల తరబడి నీరు తప్ప మరేమీ కనబడని మలుపులు ఈ దారిలో ఉన్నాయి. ఇంట్లోని పెద్దవారు, పిల్లలు అంతసేపు నీటి మీద కుదురుగా ఉండగలరా, విసుగు చెందుతారా అన్నది ఒక పగటి ఖర్చుతో తేలిపోతుంది. సముద్రపు అల ఇక్కడ ఉండదు గనుక కడుపు సంగతి మాత్రం తేలదు.

నది నెమ్మదిగా ఉంటుందని జాగ్రత్త సడలించరాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరి వరదలో రాయల్ వశిష్ఠ బోటు మునిగి పదుల సంఖ్యలో పాపికొండల యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. వరద ఉద్ధృతంగా ఉన్న రోజున బోటు నడుపుతామన్నా ఎక్కకపోవడం, లైఫ్ జాకెట్టును ఫొటో కోసం విప్పకుండా బకిల్ బిగించుకుని కూర్చోవడం ప్రయాణికుని చేతిలోని పనులు.

ఇక సముద్రపు ఓడ. తెలుగువారికి దగ్గరి రేవులు విశాఖపట్నం, చెన్నై. విశాఖ రేవులో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విమానాశ్రయంలో మాదిరే ఇక్కడ తనిఖీ, సామాను అప్పగింత జరుగుతాయి. అంతకు ముందే, 2022 జూన్‌లో, కార్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ ఓడ విశాఖకు వచ్చి ఇక్కడి నుంచి పుదుచ్చేరి మార్గంలో చెన్నైకి ప్రయాణికులను తీసుకువెళ్లింది. 1990 నాటి ఈ ఓడ అంతకు మునుపు రాయల్ కరీబియన్ సంస్థ పేరున నడిచింది. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రాన్ని అల్లకల్లోలం చేసే నెలల్లో ముంబయి వైపు యాత్రలు ఆపి ఓడను తూర్పు తీరానికి తెస్తారు, అందుకే విశాఖలో దాని రాకపోకలు ఏడాది పొడవునా ఉండవు. బంగాళాఖాతం కూడా ఎప్పుడూ ప్రశాంతంగా ఉండేదేమీ కాదు. అల్పపీడనం ఏర్పడితే కెప్టెన్ దారి మార్చవచ్చు, ఒక రేవును పూర్తిగా వదిలేయవచ్చు. విశాఖ నుంచి సాగిన ఆ 2022 నాటి తొలి యాత్రలోనే, ఓడలో జూదశాల ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరిలో దిగడానికి అనుమతి దొరకలేదు. కాబట్టి ఫలానా ఊరు చూడడమే ముఖ్యమనుకునేవారికి రైలే మేలు.

దేశంలోని రేవుల మధ్యనే తిరిగే యాత్రకు పాస్‌పోర్టు అవసరం లేదు, ఆధార్ వంటి ఫొటో గుర్తింపు కార్డు చాలు. శ్రీలంకకో, సింగపూరు నుంచి మలేషియా, థాయిలాండ్‌లకో వెళ్లే ఓడలకు పాస్‌పోర్టు తప్పనిసరి, ఆయా దేశాలు అడిగితే వీసా కూడా కావాలి, పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. సింగపూరులో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసి తిరిగి సింగపూరులోనే దిగే యాత్రలో ఆ దేశంలోకి రెండుసార్లు ప్రవేశించినట్టు లెక్క కనుక, ఒక్కసారికే చెల్లే వీసా ఉన్నవారు చిక్కుల్లో పడతారు. తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటి ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు తరచుగా ఒకే అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి చివరన ఉంటుంది, పెళ్లయిన స్త్రీలకు ఒక కాగితంలో పుట్టింటిపేరు, మరొకదానిలో అత్తింటిపేరు ఉండడమూ మామూలే. టికెట్టు మీద పేరు, రేవులో చూపబోయే గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఏజెంటు ఫోనులో విని రాసుకున్న పేరును నమ్మకుండా కార్డు నకలు పంపి, వచ్చిన టికెట్టును దానితో సరిచూసుకోవాలి.

ఓడ ఎవరి కోసమూ ఆగదు. బయలుదేరే సమయానికి గంటో, అంతకన్నా ముందో ఎక్కే ద్వారం మూసేస్తారు. గద్వాలలో రాత్రి రైలెక్కితే కర్నూలు, కడప మీదుగా తెల్లవారి చెన్నై ఎగ్మూరుకు చేరవచ్చు, కాని అదే రోజు ఓడ పట్టుకోవాలనుకోవడం సాహసం. ఒక రోజు ముందే చేరుకుని బస చేయడానికయ్యే ఖర్చు, టికెట్టు డబ్బు మొత్తం పోగొట్టుకోవడంతో పోలిస్తే ఏపాటిది?

గది ఎంపికలోనే సగం సుఖం ఉంది. క్యాబిన్ అని పిలిచే ఈ గదులు ముఖ్యంగా మూడు రకాలు: కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక, అద్దపు కిటికీ ఉన్నది నడిమి ధర, వసారా ఉన్నది ఖరీదైనది. ధర కన్నా గది ఉన్న చోటును ఎక్కువగా చూసుకోవాలి. ఆర్టీసీ బస్సులో చివరి సీటు గతుకుల్లో ఎక్కువగా ఎగిరిపడి నడుమ సీటు నిలకడగా ఉన్నట్టే, ఓడలోనూ పొడవుకు మధ్యన, కింది అంతస్తుల్లో కుదుపు తక్కువ, ముక్కుభాగంలో, పైఅంతస్తుల్లో ఎక్కువ. పెద్ద ఓడలకు నీటి అడుగున స్టెబిలైజర్లు అనే రెక్కలు ఉండి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి. అయినా కొందరికి తల తిరిగి, కడుపులో తిప్పి వాంతులవుతాయి. చెవి లోపలి సమతూక భాగం కదలికను పసిగడుతుండగా కళ్లకు ఎదుట గోడ నిశ్చలంగా కనబడడం వల్ల మెదడుకు పొసగని సమాచారం చేరడమే దీనికి కారణం. కాబట్టి గదిలో ముడుచుకుని పడుకోకుండా పైకి వచ్చి, గాలి తగిలేచోట నిలబడి, దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుండాలి. ఖాళీ కడుపూ, నిండు కడుపూ రెండూ చేటే. మాత్ర వాంతి మొదలయ్యాక కాదు, ముందుగానే వేసుకోవాలి. గ్లాకోమా, ప్రోస్టేటు సమస్యలున్న పెద్దలకు ఈ మందుల్లో కొన్ని పడవు గనుక ఇంటి దగ్గరే డాక్టరును అడగాలి. గర్భం 24 వారాలు దాటినవారిని చాలా సంస్థలు ఎక్కించుకోవు.

రేవులో అప్పగించిన పెట్టెలు తనిఖీ పూర్తయి గది గుమ్మానికి చేరేసరికి గంటలు పడుతుంది. బీపీ, షుగరు మాత్రలు, మందుల చీటీ, కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, రైస్ కుక్కర్ అగ్నిభయం చేత అనుమతించరు. ఆవకాయ సీసా, ఇంట్లో చేసిన సకినాలు కూడా చాలా ఓడల్లోకి రావు. శాకాహారం, జైన భోజనం భారతీయ ప్రయాణికులుండే ఓడల్లో దొరుకుతుంది, కారం మాత్రం పాలమూరు నాలుకకు చాలదు.

ఎక్కిన వెంటనే జరిగే మస్టర్ డ్రిల్‌ను తప్పించుకోరాదు. ప్రమాదం వస్తే ప్రతి ప్రయాణికుడూ ఎక్కడ గుమిగూడాలో, లైఫ్ జాకెట్టు ఎలా వేసుకోవాలో చూపే అభ్యాసం ఇది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత దాని సంకేతం. 2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా ఒరిగి 32 మంది మరణించినప్పుడు, కొత్తగా ఎక్కినవారు కొందరు ఇంకా ఈ అభ్యాసం చేయలేదు. ఆ తరువాత, ఓడ కదలకముందో కదిలిన వెంటనో దీన్ని జరపాలని అంతర్జాతీయ నియమం మార్చారు.

ఓడ చార్జీ అన్నది గదికి కాదు, ఇద్దరున్న గదిలో ఒక్కొక్కరికి చెప్పే ధర. ఒంటరిగా వెళ్లేవారు అదనంగా చెల్లించాలి. ప్రధాన భోజనశాల, బఫే, ప్రదర్శనలు సాధారణంగా అందులోనే ఉంటాయి. ప్రత్యేక రెస్టారెంట్లు, మద్యం, స్పా, ఇంటర్నెట్, రేవు దిగి చూసే టూర్లు ఉండవు, రేవు రుసుము, పన్ను, సిబ్బంది టిప్పులు విడిగా కలుపుతారు. ఓడలో నోట్లు చెల్లవు, గది తాళానికీ ఖర్చుకీ ఒకే కార్డు; చేతి నుంచి డబ్బు కదలదు కనుక ఖర్చు తెలియకుండా పెరుగుతుంది. పిల్లల కార్డుకు పరిమితి పెట్టమని మొదటిరోజే కౌంటరులో అడగవచ్చు. తీరం దాటగానే ఫోను ఓడ ఉపగ్రహ టవరుకు తగిలి రోమింగ్ చార్జీలు పడతాయి, కాబట్టి ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. చివరి రాత్రి ఖర్చుల పట్టీ గదికి వస్తుంది లేదా టీవీలో కనబడుతుంది. దానిలో తాగని నీళ్ల సీసాకో, వెళ్లని టూరుకో డబ్బు వేసి ఉంటే ఆ రాత్రే కౌంటరులో చెప్పి తీసివేయించుకోవాలి. దిగి ఇంటికి చేరాక ఆ డబ్బు రాబట్టుకోవడం చాలా కష్టం.